చెక్క లేత్ సతాయించినప్పుడు లోపాన్ని వెతికే వరుస

వరంగల్, హన్మకొండ, పరకాల, నర్సంపేట వైపు వడ్రంగి షెడ్లలో నేను చూసిన చెక్క లేత్‌లలో (ముక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రాలలో) ఎక్కువ భాగం వెల్డింగు షాపులో చెప్పి చేయించుకున్నవే. రెండు సీ-ఛానళ్లను సమాంతరంగా పరచి, ఎడమ కొసన రెండు ప్లమ్మర్ బ్లాకులలో (బేరింగు గూళ్లలో) షాఫ్టును కూర్చోబెట్టి, కింద ఒక హార్స్‌పవర్ మోటారు బిగించి, కుడి వైపున ముక్క రెండో కొసను మొనతో పట్టి ఉంచుతూ ముందుకూ వెనక్కూ జరిగే టెయిల్‌స్టాక్ పెడితే యంత్రం సిద్ధమవుతుంది. మంచం కోళ్లు, తొట్టెల కాళ్లు, మెట్ల రెయిలింగు స్తంభాలు, చపాతీ కర్రలు అన్నీ దాని మీదనే తరిమెన పడతారు, అంటే తిప్పుతూ గుండ్రంగా చెక్కుతారు. కంపెనీ యంత్రమైనా ఇలా చేయించుకున్నదైనా వచ్చే లోపాలు ఇంచుమించు ఒకటే కాబట్టి, కింద రాసినవి రెండింటికీ పనికివస్తాయి.

నేను పని నేర్చుకున్న తొలి సంవత్సరాలలో మా లేత్ ఒకసారి విపరీతంగా వణకడం మొదలుపెట్టింది. వణుకు అనగానే బేరింగే అనుకుని రెండు బేరింగులూ మార్చాను, తగ్గలేదు. నాసిరకం సరుకు అంటగట్టారేమోనన్న అనుమానంతో మరో దుకాణం నుంచి ఇంకో జత తెచ్చి మళ్లీ మార్చాను, అప్పుడూ తగ్గలేదు. రెండు రోజుల పని, నాలుగు బేరింగుల డబ్బు పోయాక, సాయంత్రం షెడ్డుకు వచ్చిన మా పెద్దబాపు కాసేపు నిలబడి చూసి, "ముందుగాల బెల్టు తియ్యి బిడ్డా, ఉత్త మోటరు నడిపి సూడు" అన్నారు. బెల్టు తీసి మోటారును ఒక్కదాన్నే నడిపితే అదే వణుకు వచ్చింది. మోటారు పుల్లీలోని కీ (పుల్లీని షాఫ్టుతో కలిపి తిప్పే చిన్న ఇనుప ముక్క) అరిగిపోయి, పుల్లీ షాఫ్టు మీద వదులై, ఒక పక్కకు ఒరిగి తిరుగుతోంది. చిన్న పుల్లీ, కొత్త కీ వేయడంతో పని ముగిసింది. లోపం చెక్కలో ఉందా, యంత్రంలో ఉందా, మోటారులో ఉందా, ఉలిలో ఉందా అన్నది తేల్చుకోకుండా పానా పట్టుకోకూడదని నాకు అర్థమైంది ఆ రోజే.

వణుకు ఎక్కడి నుంచి వస్తోంది

మొదట చెక్కను తీసివేసి ఉత్త యంత్రాన్ని నడపాలి. వణుకు ఆగిపోతే యంత్రం జోలికి వెళ్లనవసరం లేదు. లోపం చెక్కలోనో, దాన్ని బిగించిన తీరులోనో ఉంది. ఉత్తదే వణికితే, మీట కట్టేసి, ప్లగ్గు కూడా తీసి, బెల్టును పుల్లీల నుంచి విడిపించి, మళ్లీ మోటారును మాత్రమే నడపాలి. మోటారు ఒక్కటే వణికితే దాని పుల్లీని, కీని, అడుగు బోల్టులను చూడాలి. మోటారు నిశ్శబ్దంగా తిరిగితే మిగిలినవి మూడే: బెల్టు, షాఫ్టు మీది పుల్లీ, బేరింగులు. ఇదంతా పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేనిది.

బెల్టు గురించి చాలామంది ఆలోచించరు. నెలల తరబడి ఆగిపోయి ఉన్న యంత్రంలో బెల్టు పుల్లీల మీద వంగిన చోటే వంపు పట్టి బిగుసుకుపోతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆ వంపు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ ఒక కుదుపు వస్తుంది. చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, బెల్టు పుల్లీ గాడిలో ఒకచోట పైకి లేచి మరోచోట లోపలికి దిగుతోందేమో చూస్తే ఇది తెలిసిపోతుంది. కొద్దిసేపు నడిపితే కొన్ని బెల్టులు సర్దుకుంటాయి. పగుళ్లు కనిపిస్తే మార్చడమే మేలు. ఒక హార్స్‌పవర్ యంత్రాలకు సాధారణంగా వాడేది ఏ-సెక్షన్ వీ-బెల్టు, దాని పై వెడల్పు 13 మిల్లీమీటర్లు. 17 మిల్లీమీటర్ల బీ-సెక్షన్ బెల్టును ఏ-సెక్షన్ గాడిలో పెడితే అది లోపలికి దిగక అంచుల మీద తేలుతూ కొట్టుకుంటుంది.

ప్లమ్మర్ బ్లాకులతో చేసిన యంత్రంలో బేరింగు కంటే ముందు చూడవలసినది దాని లోపలి రింగుకు ఉండే గ్రబ్ స్క్రూలు, అంటే తల లేని చిన్న స్క్రూలు. ఆ రింగును షాఫ్టుకు పట్టి ఉంచేవి ఆ రెండు చిన్న స్క్రూలే. అవి వదులైతే బేరింగు తిరగడానికి బదులు షాఫ్టే రింగులో జారుతూ తిరుగుతుంది. దగ్గరగా దీపం పెట్టి చూడండి: రింగుకూ షాఫ్టుకూ మధ్య ఎర్రటి నుసి, ఇటుకపొడి వంటిది, సన్నని గీతలా పేరుకుని కనిపిస్తే ఇనుమును ఇనుము తింటోందని అర్థం. అలెన్ కీతో బిగిస్తే తాత్కాలికంగా ఆగుతుంది గాని, స్క్రూ మొన కూర్చునే చోట షాఫ్టు మీద ఆకురాయితో చిన్న చదును చేసి, స్క్రూ మరలకు లాక్ ద్రవం ఒక చుక్క వేసి బిగిస్తే చాలాకాలం కదలదు. షాఫ్టు అప్పటికే చేతికి తెలిసేంతగా అరిగి ఉంటే కొత్త షాఫ్టు తప్పదు. అరిగిన షాఫ్టు మీద కొత్త బేరింగు వేయడం డబ్బు పారవేసుకోవడమే.

అసలు బేరింగే పోయిందా అన్నది చెవి, చేయి కలిసి చెబుతాయి. బెల్టు తీసి షాఫ్టును చేత్తో తిప్పితే మంచి బేరింగు నూనెలో తిరిగినట్లు తిరుగుతుంది. పోయినది ఇసుక నలిగినట్లు గరగరమంటుంది. షాఫ్టు కొసను పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు టకటకమని కదిలినా అది పోయినట్లే. యంత్రం నడుస్తుండగా పొడుగు స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటి మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే రెండు బేరింగులలో ఏది గోల చేస్తోందో విడివిడిగా వినబడుతుంది. మెడలో తువ్వాల గాని, జారే చొక్కా చేతులు గాని లేకుండా, తిరిగే భాగాలకు దూరంగా నిలబడి మాత్రమే ఈ పని చేయాలి.

మార్చవలసి వస్తే పాత బేరింగు మీద చెక్కి ఉన్న అంకెను రాసుకుని దుకాణానికి వెళ్లండి. 6205 అంటే లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. ఈ వరుసలో 04 నుంచి మొదలుపెట్టి చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. అంకె పక్కన జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు మూత. రంపపు పొట్టు, సన్న దుమ్ము ఎప్పుడూ ఉండే మన పనికి రబ్బరు మూతదే తీసుకోవడం మంచిది. ఎక్కించేటప్పుడు షాఫ్టు మీదికి అయితే లోపలి రింగు మీద, గూటిలోకి అయితే బయటి రింగు మీద మాత్రమే సరిపడే గొట్టం ఆనించి కొట్టాలి. షాఫ్టు మీదికి ఎక్కించడానికి బయటి రింగును సుత్తితో కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి, వాటి దారిలో కంటికి కనబడని గుంటలు పడతాయి. కొత్త బేరింగు మొదటి రోజే మోగడానికి కారణం తరచుగా ఇదే.

ఇవన్నీ బాగుండి కూడా యంత్రం ఊగితే కాళ్లను చూడాలి. నాలుగు కాళ్లలో ఒకటి నేలకు ఆనకపోవడం చాలా మామూలు లోపం. దాని కింద చెక్క ముక్క పెడితే ఎండాకాలంలో అది ఎండి సన్నబడి మళ్లీ వదులవుతుంది. ఇనుప పట్టీ ముక్క పెట్టి, నేలకు బోల్టు వేయాలి. కింది అరమీద రెండు ఇసుక బస్తాలు పెట్టినా బరువు పెరిగి ఊగడం తగ్గుతుంది.

చెక్కలో ఉన్న లోపం

ఉత్త యంత్రం నిలకడగా తిరిగి, చెక్క పెట్టగానే వణికితే చాలా సందర్భాల్లో కారణం మధ్య బిందువు తప్పడమే. చదరపు ముక్క రెండు కొసల మీద మూల నుంచి మూలకు గీతలు గీసి, అవి కలిసిన చోట పంచితో గుంట పెట్టాలి. ఆ తర్వాత నాలుగు మూలలను బాడిసతోనో రంపంతోనో కొట్టివేసి ఎనిమిది పలకలు చేసుకుంటే, ఉలికి తగిలే మొదటి దెబ్బల తీవ్రతా, యంత్రం ఊగడమూ రెండూ తగ్గుతాయి. ఒక పక్క పచ్చి, ఒక పక్క ఎండు ఉన్న మొద్దు, లేదా ఒక వైపు చేవ, మరో వైపు తెల్లకర్ర ఎక్కువగా ఉన్న ముక్క, కొలతకు మధ్యలోనే బిగించినా బరువులో మధ్యన ఉండదు. అలాంటిదాన్ని గుండ్రమయ్యే వరకు నెమ్మదిగా నడపడం తప్ప మరో దారి లేదు.

వేగం లెక్క అందరికీ తెలిసి ఉండాలి. ముక్క వ్యాసాన్ని అంగుళాలలో తీసుకుని నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే విలువ 6000 నుంచి 9000 లోపల ఉండాలన్నది తరిమెన పనిలో వాడుకలో ఉన్న సూత్రం. మూడు అంగుళాల కోడుకు 2000 నుంచి 3000 వరకు, ఎనిమిది అంగుళాల గిన్నెకు 750 నుంచి 1125 వరకు వస్తుంది. ఇవి నున్నగా గుండ్రమైన తర్వాతి వేగాలు. పలకలుగా ఉన్నప్పుడు అందులో సగం కూడా ఎక్కువే. మన మోటార్లు చాలావరకు 1440 చుట్లవి కనుక, మోటారుకు మూడు అంగుళాల పుల్లీ, షాఫ్టుకు ఆరు అంగుళాల పుల్లీ ఉంటే 720 చుట్లు వస్తాయి, రెండూ సమానమైతే 1440 వస్తాయి. వేగం తక్కువైతే పని నెమ్మదిస్తుంది, అంతే. ఎక్కువైతే మాత్రం ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. ముఖానికి అడ్డు పెట్టుకోకుండా పెద్ద మొద్దును ఎక్కించవద్దు.

ముక్క ఆగిపోయి షాఫ్టు మాత్రం తిరుగుతుంటే డ్రైవ్ సెంటరు (షాఫ్టు కొసన ఉండి ముక్కను పట్టి తిప్పే పళ్ల మొన) పళ్లు మొద్దుబారి ఉండవచ్చు, లేదా అవి చెక్కలో సరిగా దిగకపోయి ఉండవచ్చు. పళ్లకు ఆకురాయి పట్టి, ముక్క కొసన రంపంతో మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెట్టి, సెంటరును యంత్రం నుంచి బయటకు తీసి, చెక్క సుత్తితో ముక్కలోకి దిగగొట్టాలి. షాఫ్టులో ఉండగానే ముక్కను వెనక నుంచి కొట్టడం చాలా షెడ్లలో అలవాటు. ఆ దెబ్బ నేరుగా బేరింగుకు పోతుంది కాబట్టి ఆ అలవాటును మాన్పించడం అవసరం.

టెయిల్‌స్టాక్ వైపు కొస పొగలు కక్కి నల్లబడితే, అక్కడ తిరగని మొన చెక్కను రాపిడితో కాలుస్తోందన్నమాట. కొవ్వొత్తి మైనం గాని, చిన్న సబ్బు ముక్క గాని ఆ గుంటలో రుద్దితే ఆ పూటకు గడుస్తుంది. కాని రోజూ పని చేసేవారు లోపల బేరింగు ఉండి చెక్కతో పాటు తిరిగే మొనను కొనుక్కోవడమే సరైనది. మొన టేపరు (లోపలికి దూరే, కొసకు సన్నబడే తోక) రెండో నంబరు మోర్స్ టేపరా, అంటే ఆ పేరున్న ప్రామాణిక కొలతదా కాదా అన్నది చూసుకుని తెచ్చుకోండి.

రెండు వైపుల మొనలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో నెలకొకసారి చూసుకోవాలి. టెయిల్‌స్టాక్‌ను ఎడమ మొన దాకా జరిపి, రెండు మొనల మధ్య పాత బ్లేడు ముక్కను పెడితే, అవి ఎదురెదురుగా ఉన్నప్పుడు బ్లేడు నిటారుగా నిలుస్తుంది. తప్పి ఉన్నప్పుడు ఒక పక్కకు వంగుతుంది. తప్పినప్పుడు పొడుగు ముక్కలు నడి మధ్యలో కొట్టుకుంటాయి, టెయిల్‌స్టాక్ నుంచి డ్రిల్లు వేసిన రంధ్రం బిట్టు కంటే పెద్దదవుతుంది. కింది వైపు ఉన్నదాని పాదం కింద పలుచని రేకు ముక్కలు పేర్చి సరిచేయాలి.

సన్నని పొడుగు కర్ర మీద, తీగ చుట్టినట్లు మెలికల గుర్తులు వస్తే యంత్రాన్ని తప్పు పట్టకండి. మందానికి పది పదిహేను రెట్లకు మించి పొడవున్న ఏ కర్రైనా ఉలి ఒత్తిడికి విల్లులా వంగి మళ్లీ వెనక్కు కొడుతుంది. టెయిల్‌స్టాక్ బిగువును కొద్దిగా సడలించి, సాన పట్టిన ఉలితో సన్నని పొర తీస్తూ, కర్ర నడుమ వెనక వైపు చెక్కతో చేసిన వీ-ఆకారపు ఆధారాన్ని నిలబెట్టి, తగిలే చోట మైనం రాస్తే ఆ గుర్తులు పోతాయి.

ఉలి గుచ్చుకోవడం

ఉలి ఒక్కసారిగా చెక్కలో దిగబడి, ముక్కను చీల్చి, చేతిని విదిలించడం కొత్తవారిని ఎక్కువగా భయపెడుతుంది, అందుకు తగ్గ కారణమూ ఉంది. దీనికి మందు యంత్రంలో లేదు, మూడు చోట్ల ఉంది. మొదటిది ఉలి ఆనించే పట్టీ. అది చెక్కకు ఆరు మిల్లీమీటర్లకు మించి దూరంలో ఉంటే ఉలి మొన గాలిలో వేలాడుతున్నట్లే. చెక్క తరిగేకొద్దీ యంత్రాన్ని ఆపి పట్టీని ముందుకు జరపాలి, నడుస్తుండగా జరపకూడదు. ఆ పట్టీ పైఅంచు మీద గోటిని ఒక కొస నుంచి మరో కొసకు జరిపి చూడండి. గోరు తట్టుకున్న ప్రతిచోటా ఉలి కూడా తట్టుకుంటుంది, ఆ తట్టుకునే చోటే చేయి అదుపు తప్పుతుంది. సన్న ఆకురాయితో అంచును పొడుగునా సమంగా రాచి, మైనం రుద్దితే ఉలి వెన్న మీద జారినట్లు జారుతుంది.

రెండవది పట్టే తీరు. ఉలి మొననే ముందుగా చెక్కకు తగిలిస్తే అది గుచ్చుకుంటుంది. సాన పట్టిన వాలు, అంటే మొన వెనక మెరిసే చదును భాగం, ముందుగా తిరుగుతున్న చెక్క మీద ఆని రాసుకోవాలి. అప్పుడు పిడిని మెల్లగా పైకి ఎత్తుతూ పోతే మొన తనంతట తాను పొరను అందుకుంటుంది. ఏటవాలు మొన ఉలి పట్టినప్పుడు పైమూలను చెక్కకు తగలనివ్వకుండా, మొన మధ్య నుంచి కింది భాగంతోనే కోయాలి. ఈ ఒక్కటి చేతికి అలవాటు కావడానికి తుమ్మ, వేప వంటి పనికిరాని ముక్కల మీద కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజులు దండగ కాదు.

మూడవది ఉలి ఉక్కు. కమ్మరి దగ్గర పాత కమాన్ పట్టీతో (బండి స్ప్రింగు పట్టీతో) చేయించిన ఉలులు సాన యంత్రం మీద నీలం రంగుకు తిరిగేంత వేడెక్కితే పదును నిలవదు. ఆ నీలం భాగాన్ని నెమ్మదిగా, తరచూ నీళ్లలో ముంచుతూ పూర్తిగా సాన పట్టి తీసివేయాలి. హై స్పీడ్ స్టీలు ఉలులు ఆ వేడిని తట్టుకుంటాయి. అరిగిపోయిన ఆకురాళ్లను ఉలులుగా మార్చి వాడటం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఆ ఉక్కు గట్టిదే గాని పెళుసు. గుచ్చుకున్న క్షణంలో గాజులా విరిగి ముక్కలు కళ్లలోకి వస్తాయి.

ఉలి సవ్యంగా కోసిందా లేదా అన్నది కర్ర మీద చెక్కిన వలయాల అంచులు చెబుతాయి. కాకతీయ రుద్రదేవుడు 1163లో హన్మకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడికి వెళ్లినప్పుడు, రాతి స్తంభాల మీది గుండ్రని అంచులను ఒకసారి వేలితో తడిమినట్లు చూపుతో తడమండి; రాయి అయినా తరిమెన పట్టినట్లు ఒక్కో గీత విడిగా తేలి ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దిరుద్ది నున్నగా చేసిన మంచం కోడుకు ఆ తేట రాదు.

మోటారు, కరెంటు

మీట వేయగానే మోటారు గుమ్మని మూలుగుతూ తిరగకపోతే వెంటనే కట్టేయండి; ఆ స్థితిలో వైండింగు (మోటారు లోపలి తీగ చుట్ట) కొద్ది నిమిషాల్లో కాలిపోగలదు. సింగిల్ ఫేజు మోటారులో అనుమానించవలసినవి కెపాసిటరు, లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చు (మోటారు వేగం అందుకోగానే స్టార్టింగు వైండింగును విడదీసేది). రంపపు పొట్టు ఆ స్విచ్చు కాంటాక్టుల మధ్య చేరి అడ్డుపడటం మన షెడ్లలో తరచుగా జరిగే విషయం. మూత విప్పి ఊదితే సరిపోతుంది. కెపాసిటరు ఉబ్బినా, నూనె కారినా మార్చాలి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలో కరెంటు నిలువ ఉంటుంది కనుక, ముట్టుకునే ముందు పాత ఫిలమెంటు బల్బు తీగలను దాని రెండు కొసలకు కొద్దిసేపు ఆనించి ఖాళీ చేయాలి. కొత్తదానిలో మైక్రోఫారడ్లు పాతదానితో సమానంగా, వోల్టేజి సమానంగా లేదా అంతకంటే ఎక్కువగా ఉండాలి. త్రీ ఫేజు మోటారు మూలిగితే ఒక ఫేజు పోయి ఉంటుంది. ఫ్యూజులు చూసి, ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం మించితే కరెంటు ఆపేసేది) లేకపోతే పెట్టించండి.

యాసంగిలో పొలాల మోటార్లన్నీ నడిచే వేళ ఊళ్లలో వోల్టేజి పడిపోవడం మనకు తెలిసిందే. మోటారు లాగే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230 రావలసిన చోట 180 వస్తే బలం దాదాపు 61 శాతానికి పడిపోతుంది, అందుకే అదే ఉలి, అదే చెక్క, అయినా యంత్రం ఆగిపోతుంది. ఆ వేళ సన్నని పొరలు తీసే పని పెట్టుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మొదలుకాని స్టార్టరు మీట ప్రతి లేత్‌కూ ఉండాలి.

వైండింగు చేయించి తెచ్చిన మోటారును బిగించాక ముందుగా తిరిగే దిశ చూడండి. ముక్క పైభాగం మీ వైపుకు తిరుగుతూ రావాలి. తిరగబడితే మరలతో బిగిసిన చక్కు (ముక్కను దవడలతో పట్టే బిగింపు) తనంతట తాను విప్పుకుని ఎగిరిపడుతుంది. త్రీ ఫేజులో ఏవైనా రెండు తీగలను మారిస్తే దిశ మారుతుంది. సింగిల్ ఫేజులో స్టార్టింగు వైండింగు కొసలను తారుమారు చేయాలి.

బెల్టు కీచుమంటే గుగ్గిలం పొడి చల్లడం పాత అలవాటు. అది కాసేపు పట్టు ఇచ్చి తర్వాత గాడిలో గట్టిపడి బెల్టును తినేస్తుంది. రెండు పుల్లీల ముఖాల మీదుగా బిగువైన దారం పట్టి అవి ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాత బిగువు చూసుకోండి: పుల్లీల మధ్య దూరం 40 సెంటీమీటర్లు ఉంటే, మధ్యలో బొటనవేలితో నొక్కినప్పుడు బెల్టు ఆరు మిల్లీమీటర్ల వరకు దిగాలి. ఎక్కువ బిగిస్తే బేరింగులు వేడెక్కుతాయి.

చక్కు మరలలో ఇరుక్కుపోయి రాకపోతే షాఫ్టును స్పానరుతో పట్టి ఉంచి, చక్కును నెమ్మదిగా ఎదురు దిశలో తిప్పాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు మధ్యలో పలుచని ప్లాస్టిక్ వాషరు వేస్తే ఇరుక్కోదు. వానాకాలంలో బెడ్డు (టెయిల్‌స్టాక్ జరిగే ఛానళ్లు) తుప్పు పడితే కిరోసిన్‌తో తుడిచి, సన్న ఎమిరీ కాగితం రుద్ది, మైనం పూయండి; నూనె పూస్తే రంపపు పొట్టు దానికి అంటుకుని తడిని పట్టి ఉంచుతుంది.

ఏ మరమ్మతు చేసినా యంత్రాన్ని పావుగంట ఉత్తగా నడిపి, ఆపి, బేరింగు గూటి మీద అరచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పని మొదలుపెట్టవచ్చు; చేయి నిలవనంత వేడిగా ఉంటే బెల్టు బిగువును సడలించి, మరో పావుగంట నడిపి, మళ్లీ చేయి పెట్టి చూడాలి.